ఎవరబ్బాయివిరా నువ్వు?

మామిడితోటలో రాళ్లు విసురుతూ దొరికిపోయిన కుర్రాణ్ని కాపలాదారు ముందుగా అడిగేది పేరు కాదు. "ఎవరబ్బాయివిరా నువ్వు?" అంటాడు. సెల్‌ఫోన్ కొట్టేసి స్టేషన్ మెట్లెక్కిన పదహారేళ్లవాణ్నీ అదే అడుగుతారు, గొంతు మాత్రం మారుతుంది. చేసింది పిల్లాడే అయినా పద్దు ఇంటి పేరున రాసేయడం మనకు అలవాటు. "పెంపకం లేదు" అని రెండు ముక్కలు అనేసి వీధి తలుపులు వేసుకుంటుంది.

ఆ రెండు ముక్కల్లో నిజమెంతో ఎనభై ఏళ్లకు పైగా కొలుస్తూనే ఉన్నారు. బోస్టన్‌లో కొలిచారు, లండన్‌లో కొలిచారు, స్వీడన్‌లో కొలిచారు. మన దగ్గరా కొంత లెక్క ఉంది. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వీధి తీర్పు ఒకచోట గురి తప్పింది, ఇంకోచోట గట్టిగానే తగిలింది.

ముందు మన లెక్క

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం దేశం మొత్తం మీద మైనర్లపై నమోదైన కేసులు 2021లో 31,170. 2022లో 30,555. 2023లో 31,365. మూడేళ్లూ ముప్పై వేల పైచిలుకు దగ్గరే ఉన్నాయి. 2023లో దేశంలో నమోదైన మొత్తం నేరాలు 62 లక్షల పైమాట. అంటే ప్రతి 200 కేసుల్లో మైనర్ల మీద ఉన్నది సుమారుగా ఒక్కటి. టీవీ చర్చలు వింటే మాత్రం సందుకో బాలనేరస్థుడు ఉన్నాడనిపిస్తుంది.

2022లో పట్టుబడిన పిల్లలు 37,780 మంది. వీరిలో 29,690 మంది 16 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లు. వందకు 79 మందన్నమాట. అంటే ఇంటర్ చదవాల్సిన వయసు. మీసం మొలుస్తూ, ఇంట్లో ఒక్క మాట పడనివ్వని వయసు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఇప్పుడు అసలు కాలమ్. పట్టుబడిన పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారో కూడా ఈ సంస్థ అడుగుతుంది. 2013లో పట్టుబడ్డ 43,506 మందిలో 35,244 మంది అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నవాళ్లు. అంటే 81 శాతం. ఇంకో 13 శాతం మంది తాతయ్యో మేనమామో మరో సంరక్షకుడో చూసుకుంటున్నవాళ్లు. ఏ గూడూ లేనివాళ్లు 2,462 మంది, వందకు ఆరుగురు కూడా లేరు. 2015కు వచ్చేసరికి అమ్మానాన్నల దగ్గరున్నవారి వాటా 85 శాతం దాటింది.

సినిమా మనకు నేర్పిన బాలనేరస్థుడు రైల్వే ప్లాట్‌ఫాం మీద నిద్రపోతాడు, అమ్మ మొహం ఎరగడు. లెక్కల్లో దొరుకుతున్నవాడు రాత్రి ఇంటికి వచ్చి అన్నం తిని పడుకుంటున్నాడు.

ఇక్కడ తొందరపడి "చూశారా, తల్లిదండ్రులే కారణం" అనకూడదు. మన దేశంలో పిల్లల్లో అత్యధికులు అమ్మానాన్నల దగ్గరే పెరుగుతారు కాబట్టి, పట్టుబడిన పిల్లల్లోనూ వాళ్లే ఎక్కువగా ఉండటం సహజం. ఈ అంకె చెప్పేది ఒక్కటే: ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. అదే 2013లో పట్టుబడిన పిల్లల్లో సగం మంది ఇంటి ఆదాయం ఏడాదికి 25 వేల రూపాయల లోపు. పేదింటి పిల్లలే ఎక్కువగా తప్పు చేస్తారని దీనికి అర్థం చెప్పుకోవచ్చు. పేదింటి పిల్లలే ఎక్కువగా దొరుకుతారనీ చెప్పుకోవచ్చు. డబ్బున్నవాళ్ల అబ్బాయి అదే పని చేస్తే ఎస్సై గదిలో టీ వస్తుంది, కాగితం మీదకు కేసు రాదు. ఇది నా అభిప్రాయమే, కానీ పోలీస్ స్టేషన్ గడప తొక్కినవారెవరూ కాదనరనుకుంటాను. పోలీసు లెక్క తప్పుల లెక్క కాదు, పట్టుబడ్డ తప్పుల లెక్క. ఈ వ్యాసంలోని ప్రతి అంకెనూ ఆ ఎరుకతోనే చదవాలి.

బేస్‌మెంట్‌లో దొరికిన పెట్టెలు

ఇంట్లో ఏం జరుగుతోందో నిజంగా తెలుసుకోవాలంటే ఇంటింటికీ తిరగాలి. హార్వర్డ్‌లో పనిచేసిన షెల్డన్, ఎలినార్ గ్లూక్ అనే భార్యాభర్తలు ఆ పని చేశారు. బోస్టన్‌లో సంస్కరణ గృహాలకు వెళ్లిన 500 మంది అబ్బాయిలను తీసుకున్నారు. ఏ కేసూ లేని మరో 500 మందిని ఎంచి, ఒక్కొక్కరిని ఒక్కొక్కరితో జత కలిపారు. వయసు ఒకటే, తెలివితేటల కొలత ఒకటే, జాతి మూలం ఒకటే, ఉండేది అదే రకం పేదపేట. అన్నీ ఒకటే అయినప్పుడు ఒకడు జైలు దారి, ఒకడు బడి దారి ఎందుకు పట్టాడన్నది ప్రశ్న. తల్లిదండ్రులతో మాట్లాడారు, టీచర్లతో మాట్లాడారు, పిల్లలతో గంటల తరబడి కూర్చున్నారు. ఆ పుస్తకం 1950లో వచ్చింది.

తర్వాత ఆ కాగితాలు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. 1980లలో జాన్ లాబ్ అనే పరిశోధకుడికి హార్వర్డ్ లా స్కూల్ లైబ్రరీ నేలమాళిగలో అవి కనిపించాయి. ఆయన, రాబర్ట్ శాంప్సన్ కలిసి ఆ చేతిరాత ఫైళ్లన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కొత్త పద్ధతుల్లో మళ్లీ లెక్కకట్టి 1993లో ఓ పుస్తకం వేశారు. ముప్పావు శతాబ్దం కిందటి పేటల్లోని ఇళ్ల గురించి వాళ్లు తేల్చింది చదువుతుంటే మన పక్కింటి సంగతి చదువుతున్నట్టే ఉంటుంది.

మూడు విషయాలు మిగతావాటికంటే గట్టిగా నిలబడ్డాయి. పిల్లాడు ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోవడం. పిల్లాడికీ పెద్దవాళ్లకీ మధ్య మమకారం పలచగా ఉండటం. మూడోది, నిలకడ లేని కఠినమైన శిక్ష. పేదరికం నేరుగా పిల్లాణ్ని నేరంలోకి తోసిన దాఖలా చాలా తక్కువ. అది ఇంటి మీదుగా వెళ్లింది. రెండు షిఫ్టులు చేసి వచ్చిన తండ్రికి ఓపిక ఉండదు, అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే తల్లికి పిల్లాడి పుస్తకాల సంచి చూసే తీరిక ఉండదు. పేదరికం ముందు తినేసేది ఆ ఓపికనూ ఆ తీరికనూ.

"నిలకడ లేని శిక్ష" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. శిక్ష వేయడమా మానడమా అన్న వాదన మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేదే. "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఒక పక్షం, "కొడితే మొండికేస్తాడు" అని ఇంకో పక్షం. ఈ లెక్కలు చూపిస్తున్నది మూడో సంగతి. ఒకరోజు బెల్టు, మర్నాడు బిర్యానీ. అదే తప్పుకు నాన్న తాగి వస్తే చితకబాదుడు, తాగకపోతే "పోనీలేరా". అలాంటి ఇంట్లో పిల్లాడు నేర్చుకునేది ఏది తప్పు, ఏది ఒప్పు అని కాదు. నాన్న ఏ మూడ్‌లో ఉన్నాడో కనిపెట్టడం నేర్చుకుంటాడు. అది నీతి కాదు, వాతావరణ సూచన.

దెబ్బకు ఖరీదెంత

కొట్టడం గురించి మన దగ్గరే ఒక పెద్ద లెక్క ఉంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగించి ప్రచురించిన అధ్యయనం అది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు తమను శారీరకంగా హింసించారని చెప్పారు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతం మందిని కొట్టింది కన్న తల్లిదండ్రులే. ఆ 13 రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అన్ని రకాల హింసా దాదాపు ఎప్పుడూ ఎక్కువగా కనిపించిన నాలుగు రాష్ట్రాల పేర్లు నివేదిక విడిగా చెప్పింది: ఆంధ్రప్రదేశ్, అస్సాం, బిహార్, ఢిల్లీ. "మా నాన్న నన్ను కొట్టే పెంచాడు, నేను బాగుపడలేదా" అనే మాట మన వైపు అంత ధీమాగా ఎందుకు వినిపిస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కొట్టించుకోనివాళ్లు తక్కువ మంది అయినప్పుడు, బాగుపడినవాళ్లూ చెడినవాళ్లూ ఇద్దరూ దెబ్బలు తిన్నవాళ్లే అవుతారు.

మరి దెబ్బకూ నేరానికీ ఉన్న లంకె ఎంత? అమెరికాలో క్యాథీ విడమ్ 1989లో చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అలాంటి రికార్డు లేని 667 మందిని ఆమె పోల్చి చూశారు. మైనర్లుగా ఉన్నప్పుడు అరెస్టయినవాళ్లు మొదటి గుంపులో 26 శాతం, రెండో గుంపులో 17 శాతం.

ఈ రెండు అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. 17 నుంచి 26కు పెరగడం చిన్న విషయం కాదు, ఒకటిన్నర రెట్లు. అలాగే, నరకం చూసిన ఆ 908 మందిలో 74 శాతం మంది మైనర్లుగా ఉన్నప్పుడు అరెస్టు కాలేదు. దెబ్బలు తిన్న ప్రతివాడూ రౌడీ అవుతాడని ఎవరైనా అంటే ఈ 74 వాళ్ల ముందు పెట్టండి. దెబ్బలు తిన్నా ఏం కాదని అంటే ఆ తొమ్మిది శాతం తేడా పెట్టండి. ఇంకో చిన్న విషయం కూడా ఆ లెక్కలో ఉంది. కొట్టకపోయినా, పిల్లాణ్ని పట్టించుకోక వదిలేసినచోట కూడా ముప్పు పెరిగింది. చెయ్యెత్తకపోవడం ఒక్కటే పెంపకం కాదు.

ఆవూ దూడా

లండన్ దక్షిణాన కార్మికులుండే పేటలో 1961లో ఎనిమిది తొమ్మిదేళ్ల అబ్బాయిలను 411 మందిని ఎంచుకుని, వాళ్లు నడివయసు దాటేదాకా వెంటాడారు డొనాల్డ్ వెస్ట్, డేవిడ్ ఫారింగ్టన్. దీన్ని కేంబ్రిడ్జ్ అధ్యయనం అంటారు. యాభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో 41 శాతం మందికి ఏదో ఒక కేసులో శిక్ష పడింది. కానీ మొత్తం శిక్షల్లో సగానికి పైగా మూటగట్టుకున్నది కేవలం 7 శాతం మంది. కుటుంబాలవారీగా చూస్తే ఇంకా ఆశ్చర్యం. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల శిక్షలన్నీ కలిపి లెక్కకడితే, 6 శాతం కుటుంబాల దగ్గరే సగం శిక్షలు ఉన్నాయి. తండ్రికి శిక్ష పడిన ఇంట్లో అబ్బాయిల్లో 63 శాతం మందికి శిక్ష పడింది. మిగతావాళ్లలో 30 శాతం.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అనే సామెత లండన్ వాళ్లకు తెలియకపోయినా అంకెలు దాన్నే చెబుతున్నాయి. అయినా ఇందులో మెలిక ఉంది. తండ్రి పేరు స్టేషన్ రిజిస్టర్‌లో ఉంటే కొడుకు మీద పోలీసు కన్ను ముందే పడుతుంది. కొన్ని సంచార జాతులను బ్రిటిష్ పాలనలో 1871 చట్టంతో పుట్టుకతోనే నేరస్థులుగా రాసేసి, ఆ ముద్ర చెరపడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చిన దేశం ఇది. ఎరుకల, స్టువర్టుపురం అనే మాటలు వినగానే మనలో చాలామంది మొహం ఎలా మారుతుందో మనకు తెలుసు. కాబట్టి ఆ 63లో పెంపకం వాటా ఎంత, ముద్ర వాటా ఎంత అన్నది విడదీయకుండా సామెత వాడకూడదు.

అదే లండన్ పిల్లల్లో విడిపోయిన కుటుంబాల లెక్క కూడా తీశారు. అమ్మానాన్నలు విడిపోయిన ఇళ్లలో 29 శాతం మంది అబ్బాయిలకు మైనర్‌గా శిక్ష పడింది. కలిసున్న ఇళ్లలో 18 శాతం. "విడాకులే కొంప ముంచుతున్నాయి" అనేవారు ఇక్కడిదాకా చదివి పేజీ తిప్పేస్తారు. తర్వాతి వరుస కూడా చదవాలి. కలిసి ఉంటూ నిత్యం కొట్టుకునే జంటల పిల్లలు, విడిపోయిన జంటల పిల్లల కంటే ఏమీ మెరుగ్గా లేరు. విడిపోయాక తల్లి దగ్గరే పెరిగినవాళ్లు మాత్రం, సఖ్యంగా ఉన్న ఇళ్ల పిల్లలతో దాదాపు సమానంగా ఉన్నారు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే తల్లో నాయనమ్మో పిల్లలను నెట్టుకొచ్చే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబాలు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలిపోవడం తరాల నుంచి ఉంది. ఆ ఇళ్ల పిల్లలను చూసి "తండ్రి లేడు, వీడేమవుతాడో" అని నిట్టూర్చే ముందు లండన్ అంకె గుర్తు తెచ్చుకోవడం న్యాయం. ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్లు ఉన్నారన్నది కాదు, ఉన్నవాళ్లతో పిల్లాడికి ఎంత మాట ఉంది అన్నది ముఖ్యం. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో "ఈరోజు ఎవరితో ఆడావురా?" అని అడిగే దుబాయ్ నాన్న, పక్క సోఫాలో కూర్చుని రీల్స్ చూసుకునే నాన్నకంటే దగ్గరగా ఉన్నట్టే.

ఎవరు చెబితే ఎవరికి తెలుస్తుంది

ఒక్క ఊరి లెక్క నమ్మలేమనుకుంటే వందల అధ్యయనాలను కలిపి తూచిన పని కూడా ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన మాచ్‌టెల్డ్ హూవ్ బృందం 2009లో పెంపకానికీ బాలనేరాలకీ సంబంధించిన 161 అధ్యయనాలను ఒక్కచోట చేర్చింది. పెంపకంలో అన్నిటికంటే గట్టిగా తగిలిన అంశాలు మూడు: పిల్లాడి సంగతి పెద్దవాళ్లకు తెలిసుండటం, మనసును బెదిరించి లొంగదీసుకోవడం, తిరస్కారమూ కోపమూ. ఇవి కూడా పిల్లలకూ పిల్లలకూ మధ్య ఉన్న తేడాలో గరిష్ఠంగా 11 శాతాన్నే వివరించగలిగాయి. అదే బృందం 2012లో అనుబంధం మీద ఉన్న 74 అధ్యయనాలు, 55,537 మంది లెక్కలు కలిపితే లంకె బలం 0.18 వచ్చింది. సున్నా అంటే లంకె లేనట్టు, ఒకటి అంటే విడదీయలేనట్టు. అంటే 0.18 చిన్నదే, కానీ ఉంది. అనుబంధం ప్రభావం పెద్ద పిల్లలకంటే చిన్న పిల్లల్లో బలంగా కనిపించింది.

పెంపకమే సర్వం అనే వీధి తీర్పు గురి తప్పింది ఇక్కడ. మిగతా 89 శాతంలో స్నేహితులు ఉన్నారు, పేట ఉంది, బడి ఉంది, పుట్టుకతో వచ్చిన దుడుకుతనం ఉంది, ఆ రోజు ఆ బైక్‌కు తాళం వేయడం ఎవరో మరిచిపోవడం ఉంది. కొడుకు కేసులో ఇరుక్కున్నాక "మా పెంపకంలో ఏ లోపముందో" అని రాత్రుళ్లు కుమిలే తల్లికి ఈ 11 అనే అంకెను ఎవరైనా చూపిస్తే బాగుండును.

కానీ ఆ 11 మన చేతిలో ఉన్న 11. పేట మార్చలేం, పుట్టుక మార్చలేం. అందుకే ఇందులో మొదటిదైన "తెలిసుండటం" దగ్గరే నేను ఆగిపోతున్నాను.

పిల్లాడు ఎక్కడికెళ్లాడు, ఎవరితో తిరుగుతున్నాడు, డబ్బు ఎక్కడిది అన్నవి తెలిసిన ఇళ్లలో నేరం తక్కువ అని ఎప్పటి నుంచో తెలుసు. దాని నుంచి అందరూ తీసుకున్న పాఠం నిఘా. నిలదీయాలి, కట్టడి చేయాలి, సంచి వెతకాలి. 2000 సంవత్సరంలో స్వీడన్‌లో హోకాన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఒక చిన్న ప్రశ్న వేశారు. పెద్దవాళ్లకు ఆ సంగతులు తెలుస్తున్నది ఎలా? 14 ఏళ్ల పిల్లలను 703 మందిని, వాళ్ల తల్లిదండ్రులను విడివిడిగా అడిగారు. దారులు మూడు. నిలదీసి తెలుసుకోవడం, కట్టుబాట్లు పెట్టి తెలుసుకోవడం, పిల్లలే తమంతట తాము చెప్పడం. తల్లిదండ్రులకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం వచ్చింది మూడో దారిలో. మంచి నడవడికతో గట్టిగా ముడిపడి ఉన్నదీ అదే. పిల్లాడు చెప్పబట్టే తెలిసింది.

ఇది చదివాక ఫోన్‌లో పిల్లాడి లొకేషన్ చూపించే యాప్ గురించీ, కారిడార్ నిండా కెమెరాలు పెట్టిన ఇంటర్ హాస్టళ్ల గురించీ వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

ట్రావిస్ హిర్షి అనే ఆయన 1969లోనే ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి పట్టుకున్నాడు. కాలిఫోర్నియాలో నాలుగు వేల మందికి పైగా బడిపిల్లలను చూశాక ఆయన అన్నదాని సారం ఇది: తప్పు చేయడానికి పది నిమిషాలు చాలు, ఏ తల్లీ ఏ తండ్రీ ఇరవై నాలుగ్గంటలూ పక్కన ఉండలేరు. ఆ పది నిమిషాల్లో అమ్మో నాన్నో పిల్లాడి తలపులోకి వస్తారా లేదా అన్నదే తేల్చేస్తుంది. మన మాటల్లో చెప్పుకుంటే "నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అనుకునే పిల్లాడు ఉన్నాడు, "నాన్నకు తెలిస్తే బాధపడతాడు" అనుకునే పిల్లాడు ఉన్నాడు. మొదటివాడు తెలియకుండా ఎలా చేయాలో ఆలోచిస్తాడు. రెండోవాడు చేయాలా వద్దా అని ఆలోచిస్తాడు.

పిల్లలు చెప్పడం ఎక్కడ ఆగిపోతుందో మనందరికీ తెలుసు.

"అమ్మా, మా క్లాసులో ఒకడు సిగరెట్ కాల్చాడే."

"వాడితోనా నువ్వు తిరుగుతున్నది? మీ నాన్నగారిని రానీ, చెప్తాను."

అంతే. ఆ రోజుతో ఆ ఇంటికి సమాచారం ఆగిపోతుంది. ఎనిమిదో తరగతిలో ఆగిన మాట, పదహారేళ్లకు ఎస్సై ఫోన్ చేసినప్పుడే మళ్లీ ఇంట్లోకి వస్తుంది. పట్టుబడినవారిలో 79 శాతం ఆ వయసువాళ్లేనని మొదట చెప్పుకున్నాం కదా. వాళ్ల ఇళ్లలో చాలామంది తండ్రులు "మాకేం తెలియదు సార్" అంటారు. నిజమే చెబుతుంటారు.

అద్దానికి రెండో వైపు

ఇదంతా చదివి తల్లిదండ్రులను బోనులో నిలబెట్టే ముందు ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. 1986లో హ్యూ లిట్టన్ బృందం, మొండి పిల్లల తల్లులనూ మామూలు పిల్లల తల్లులనూ తీసుకుని, వాళ్లను మార్చి మార్చి వేరేవాళ్ల పిల్లలతో కూర్చోబెట్టింది. మొండి పిల్లాడి ఎదుట కూర్చుంటే మామూలు పిల్లల తల్లులు కూడా గద్దించడం, ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే కసురుకునే తల్లి వల్ల పిల్లాడు మొండివాడయ్యాడా, మొండి పిల్లాడి వల్ల తల్లి కసురుకుంటోందా అన్నది ఒకవైపే తిరిగే గానుగ కాదు. అమెరికాలో ఓరెగాన్‌కు చెందిన జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలోనే కూర్చుని గమనించి దీన్ని వివరించాడు. పిల్లాడు ఫోన్ అడుగుతాడు, అమ్మ వద్దంటుంది, వాడు కింద పడి దొర్లుతాడు, చుట్టాలు చూస్తున్నారని అమ్మ ఇచ్చేస్తుంది. గొడవ ఆగింది కాబట్టి అమ్మకు హాయి, ఫోన్ దొరికింది కాబట్టి పిల్లాడికి గెలుపు. రేపు గొంతు ఇంకొంచెం పెద్దదవుతుంది. ఇద్దరూ ఒకరికొకరు బలప్రయోగం నేర్పుకుంటున్నారు.

మంచి మనసుతో బయటివాళ్లు చేయి వేస్తే సరిపోతుందా అంటే, దానికీ ఒక చేదు లెక్క ఉంది. 1939లో మసాచుసెట్స్‌లో రిచర్డ్ క్యాబట్ అనే వైద్యుడు మొదలుపెట్టించిన కార్యక్రమంలో 506 మంది అబ్బాయిలను రెండు సగాలుగా చీల్చారు. ఒక సగానికి ఐదేళ్లకు పైగా సలహాదారులు, ట్యూషన్లు, వేసవి శిబిరాలు. రెండో సగానికి ఏమీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ వాళ్లను వెతికి పట్టుకుని 1978లో ఫలితం ప్రచురించింది. సాయం అందినవాళ్లలో చాలామంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు చూస్తే మాత్రం నేరాల్లోనూ ఆరోగ్యంలోనూ ఆ సగమే కొన్ని విషయాల్లో వెనకబడి ఉంది. దానికి భిన్నంగా, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో 1970ల చివర్లో 400 మంది గర్భిణులతో మొదలైన కార్యక్రమం పిల్లాడి వైపు కాక తల్లి వైపు వెళ్లింది. నర్సులు ఇంటికొచ్చి, బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా ఆ తల్లికి తోడున్నారు. ఆ పిల్లలకు పదిహేనేళ్లు వచ్చేసరికి అరెస్టులు తక్కువగా ఉన్నాయి.

చట్టం ఏమంటోంది

మన జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో వచ్చి, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. పిల్లల బాగోగులకు మొదటి బాధ్యత కన్న కుటుంబానిదేనని దాని మూల సూత్రాల్లోనే రాశారు. పిల్లాడి తప్పు రుజువైతే జువెనైల్ జస్టిస్ బోర్డు తల్లిదండ్రులకు కూడా కౌన్సెలింగ్ ఇప్పించవచ్చు, జరిమానా కట్టించవచ్చు, బాండు రాయించుకుని మూడేళ్ల దాకా వాళ్ల పర్యవేక్షణలోనే వదలవచ్చు. బండి విషయంలో ఇంకా గట్టిగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పదో తరగతి అబ్బాయి స్కూటీ మీద ట్యూషన్‌కు వెళ్తుంటే మురిసిపోయే ఇళ్లలో ఈ సెక్షన్ తెలిసినవాళ్లు ఎందరో.

2024 మేలో పుణెలో 17 ఏళ్ల అబ్బాయి నడిపిన ఖరీదైన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. 300 పదాల వ్యాసం రాయమంటూ బోర్డు ఇచ్చిన బెయిల్ గురించి దేశమంతా మాట్లాడుకుంది. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించింది తర్వాత జరిగింది. రక్త నమూనాలు మార్పించారన్న ఆరోపణ మీద తల్లిదండ్రులు ఇద్దరూ అరెస్టయ్యారు. ఆ ఇంట్లో మమకారానికి కొదవ ఉందని ఎవరూ అనలేరు.

బోర్డు ముందుకు వచ్చిన ప్రతి పిల్లాడి గురించీ పదిహేను రోజుల్లోగా సామాజిక దర్యాప్తు నివేదిక రాయాలి. ప్రొబేషన్ ఆఫీసర్ నింపే ఆ ఫారంలో కుటుంబ సంబంధాలకు ఒక పట్టిక ఉంది. తల్లికీ తండ్రికీ మధ్య, తండ్రికీ పిల్లాడికీ మధ్య, తల్లికీ పిల్లాడికీ మధ్య. ఒక్కోదానికి ఎదురుగా మూడు జవాబులు: సఖ్యంగా ఉంది, సఖ్యంగా లేదు, తెలియదు. ఒకదానికి టిక్కు పెట్టి కింది వరుసకు వెళ్లాలి.